ఆకురాలే ఇంగ్లండ్‌లో ఇద్దరి ప్రయాణాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేమిద్దరం ఇంగ్లండ్ వచ్చి ఆర్నెల్లయింది. ఎర్రగా, బంగారు రంగులో ఉండే చెట్లను చూడాలని మా ఇద్దరికీ ఆశ. శని, ఆదివారాలే సెలవు. సెప్టెంబరులో వెళ్ళాలా, నవంబరు దాకా ఆగాలా? (రెడింగ్ నుంచి ఒక జంట)

జవాబు: పంచాంగం ప్రకారం ఈ కాలం మనకు శరత్తు. చెట్లను చూస్తే మాత్రం మన శిశిరం గుర్తొస్తుంది. సెప్టెంబరులో తొందరపడి వెళ్ళినవాళ్ళు చాలావరకు పచ్చటి అడవినే చూసి తిరిగొస్తారు. ముందు ఏ చెట్టు చూడాలో అనుకోండి, దాన్ని బట్టి వారం ఎంచుకోండి. జపాన్ మేపుల్ చెట్లు సాధారణంగా అక్టోబరు తొలి రెండు మూడు వారాల్లో ఎర్రబడతాయి. బీచ్ (beech) చెట్లు అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మొదటి వారం దాకా రాగి రంగులో ఉంటాయి. లార్చ్ వంతు చివరన, నవంబరులో వస్తుంది. లార్చ్‌కు సూదుల్లాంటి ఆకులున్నా అది ఆకు రాలుస్తుంది, రాల్చే ముందు కొండవాలంతా పచ్చి పసుపు పూసినట్టు కనిపిస్తుంది.

ఒక ఏడు ఉన్నంత ఎరుపు మరో ఏడు ఎందుకుండదని అడిగే పాఠకులు చాలామంది. పసుపు రంగు ఆకులో మొదటినుంచీ ఉంటుంది, పత్రహరితం తగ్గగానే పైకి తేలుతుంది. ఎరుపు అలా కాదు, ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న రోజులు వరసగా వస్తే ఎరుపు బాగా పడుతుంది. అలాంటి వారం గడిస్తే ఆ శనివారమే బయల్దేరండి. గాలివాన హెచ్చరిక కనిపిస్తే 'వచ్చే వారం చూద్దాంలే' అనుకోవద్దు. ఒక్క రాత్రి ఈదురుగాలికి కొమ్మలు బోసిపోతాయి.

మేపుల్ చెట్లకు గ్లోస్టర్‌షైర్‌లోని వెస్టన్‌బర్ట్‌ను మించింది లేదని మా అభిప్రాయం. 1829లో రాబర్ట్ హోల్ఫర్డ్ నాటడం మొదలుపెట్టిన వృక్షవనం అది. రైలు దిగాల్సింది కెంబుల్ స్టేషన్‌లో. అక్కడినుంచి ఇంకా పది మైళ్ళ దాకా ఉంటుంది, స్టేషన్ బయట టాక్సీలు వరసకట్టి ఉండవు కాబట్టి రానుపోను రెండింటికీ ముందురోజే మాట్లాడుకోండి.

నీళ్ళలో చెట్ల నీడలు చూడాలంటే విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్‌కు వెళ్ళండి. గాలి లేచేలోగా, పొద్దున్నే చెరువు గట్టున నిలబడితే అవతలి ఒడ్డున ఉన్న పాంథియాన్ గుడి స్తంభాలు నీళ్ళలో తలకిందులుగా, చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిక్కుంది. దగ్గరి స్టేషన్ డోర్సెట్‌లోని గిలింగమ్. ఇంగ్లీషులో అవే అక్షరాలతో కెంట్‌లో ఇంకో ఊరుంది, దాన్ని జిలింగమ్ అని పలుకుతారు. టికెట్ కొనేటప్పుడు జిల్లా పేరు చూడకపోతే లండన్‌కు పడమరగా పోవాల్సినవాళ్ళు తూర్పుకు పోతారు. షెఫీల్డ్ పార్క్ తోట విషయమూ ఇంతే. అది ఈస్ట్ ససెక్స్‌లో ఉంది, యార్క్‌షైర్‌లోని షెఫీల్డ్ నగరానికి దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ తోటకు వెళ్ళే దారి కూడా సరదాగా ఉంటుంది: లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా మామూలు రైలు, అక్కడ దిగి బ్లూబెల్ రైల్వే వారి ఆవిరి రైలెక్కి పదకొండు మైళ్ళు. దానికి వేరే టికెట్ కొనాలి. అన్ని రోజులూ నడవదు, తేదీ చూసుకున్నాకే మిగతా టికెట్లు కొనండి.

కొత్తవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వెలుతురు. అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అంతకుముందు రోజు లండన్‌లో ఆరు గంటలకు కాస్త ముందు పొద్దుగూకితే, ఆ ఆదివారం ఐదు కాకముందే చీకటి మొదలవుతుంది. నవంబరు మధ్యలో సూర్యాస్తమయం నాలుగుంపావుకే. 'పన్నెండింటికి లేచి, తిని, నెమ్మదిగా వెళ్దాం' అనుకునే ఆదివారాలు ఇక్కడ కుదరవు. పదిన్నరకల్లా గేటు దగ్గరుండేలా, పొద్దుగూకడానికి గంట ముందు తిరుగుదారి పట్టేలా లెక్క వేసుకోండి. నవంబరులో చాలా పాత భవనాలు మూసేస్తారు లేదా వేళలు తగ్గిస్తారు, తోటలు మాత్రం చీకటి పడేదాకా తెరిచి ఉంటాయి.

ప్రశ్న: రైలు ఛార్జీలు చూస్తే గుండె జారుతోంది. భార్యాభర్తలకు రాయితీ కార్డు ఉందట. నిజంగా లాభమేనా అండీ? (మిల్టన్ కీన్స్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: టూ టుగెదర్ రైల్‌కార్డ్ అంటారు. ఏడాదికి 35 పౌండ్లు, ఇద్దరికీ కలిపి ఒకటే కార్డు. భార్యాభర్తలే కానక్కర్లేదు, పదహారేళ్ళు దాటిన ఏ ఇద్దరైనా తీసుకోవచ్చు. ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాదిలో మీ ఇద్దరి టికెట్లూ కలిపి 105 పౌండ్లు దాటితే కార్డు ఖర్చు తిరిగొచ్చినట్టే. దూర ప్రయాణాలు రెండు చేస్తే చాలు.

షరతులు మాత్రం గట్టివి. కార్డు మీద ఇద్దరి ఫొటోలూ, పేర్లూ ఉంటాయి. ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా కలిసి ప్రయాణం చేయాలి. ఒకరికి జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోతే రెండోవారికి ఆ టికెట్ చెల్లదు, పూర్తి ఛార్జీతో వేరే కొనాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిదిన్నరకు ముందు పనిచేయదు. శని, ఆదివారాల్లో ఎప్పుడైనా సరే. లండన్ ఆయిస్టర్ కార్డుకు దీన్ని జతచేయడం కుదరదు. మీరిద్దరూ ముప్ఫై ఒకటి లోపువారై, ఒంటరిగా కూడా తరచూ రైలెక్కుతుంటే వయసును బట్టి ఇచ్చే రైల్‌కార్డు ఎవరిది వారు తీసుకోవడమే నయం. ఎప్పుడూ జంటగానే తిరిగేవారికి టూ టుగెదర్‌ను మించింది లేదు.

ఇక టికెట్ రకం. అడ్వాన్స్ టికెట్ చవక, కానీ అందులో రాసిన రైలే ఎక్కాలి, డబ్బు వాపసు ఉండదు. ఆఫ్ పీక్ టికెట్ అయితే రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కవచ్చు. మా సలహా: వెళ్ళేటప్పుడు అడ్వాన్స్ తీసుకోండి. తిరుగు ప్రయాణానికి ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఆఫ్ పీక్ తీసుకోండి. చెరువు గట్టున వెలుతురు బాగున్నప్పుడు రైలు కోసం పరుగెత్తే బాధ ఉండదు.

'పట్టాల మీద ఆకులు' అని రైలు ఆలస్యానికి కారణం చెబితే చాలామంది మనవాళ్ళు నమ్మరు. అది నిజమే. రాలిన తడి ఆకుల్ని చక్రాలు నలిపి నలిపి పట్టా మీద నల్లటి, జారుడు పొరగా మార్చేస్తాయి. పట్టు దొరకక రైలు మెల్లగా కదలాలి, బ్రేకు చాలా ముందునుంచే వేయాలి. అందుకే ఈ కాలంలో కొన్ని సంస్థలు టైంటేబుల్ కూడా మారుస్తాయి. రైలు మారాల్సి ఉంటే మధ్యలో అరగంటైనా ఉంచుకోండి. ఆలస్యమైతే డిలే రిపే కింద పరిహారం అడగవచ్చు. కొన్ని సంస్థలు పదిహేను నిమిషాలకే ఇస్తాయి, కొన్ని ముప్ఫై దాటితే ఇస్తాయి. 28 రోజుల్లోగా అడగాలి. అందాక టికెట్ పారేయకండి.

ప్రశ్న: కారు లేకుండా లేక్ డిస్ట్రిక్ట్ రెండు రోజుల్లో చూడగలమా? మా ఆవిడకు కొండలెక్కడం అలవాటు లేదు. (లండన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: హాయిగా చూడవచ్చు. లండన్ యూస్టన్ నుంచి ఆక్సెన్‌హోమ్‌కు రెండున్నర, మూడు గంటలు. అక్కడ రైలు మారితే ఇరవై నిమిషాల్లో విండర్‌మియర్. స్టేషన్ ఎదురుగానే ఆరెస్ట్ హెడ్ అనే చిన్న కొండకు కాలిబాట మొదలవుతుంది. అరగంట నడిస్తే చెరువు పొడవునా, వెనకనున్న కొండల వరస మొత్తం కనబడుతుంది. మొదటి రోజు మధ్యాహ్నానికి అది సరిపోతుంది.

రెండో రోజు 555 నంబరు బస్సెక్కి గ్రాస్‌మియర్‌లో దిగండి. అక్కడినుంచి రైడల్‌కు కాఫిన్ రూట్ అనే దారి ఉంది. ఒకప్పుడు శవపేటికల్ని గ్రాస్‌మియర్ చర్చికి మోసుకొచ్చిన బాట కాబట్టి ఆ పేరు. పేరుకు భయపడకండి, అడవి అంచున సాగే చక్కటి నడక, రెండున్నర మైళ్ళు ఉంటుంది. రైడల్‌లో మళ్ళీ అదే బస్సెక్కి రావచ్చు. ఇంగ్లండ్‌లో బస్సు సింగిల్ టికెట్‌కు 3 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉంది, ఆ పథకంలో ఉన్న బస్సుల్లో దూరమెంతైనా అంతకు మించదు. ఆదివారం సాయంత్రం బస్సులు తగ్గిపోతాయి, ఆఖరి బస్సు వేళను స్టాప్ దగ్గరి బోర్డులో చూసి ఫొటో తీసుకోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది.

జీన్స్ వేసుకోవద్దు. తడిస్తే గంటల తరబడి ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. గొడుగు కొండ మీద గాలికి నిలవదు, టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ కావాలి. ఇద్దరికీ చెరో తలదీపం, ఒక విజిల్ సంచిలో పడేయండి. దారి తప్పితే ఆరుసార్లు ఊదడం, నిమిషం ఆగి మళ్ళీ ఊదడం ఇక్కడి సంకేతం. ఫోన్ పనిచేస్తే 999కి చేసి ముందు పోలీసుల్ని, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ జోలికి ఈ కాలంలో వెళ్ళకండి. ఎత్తు 978 మీటర్లేనని చులకనగా చూడొద్దు. రానుపోను ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, నవంబరు మధ్యలో అక్కడ పగలే ఎనిమిదిన్నర గంటలు.

ప్రశ్న: ఇండియా లైసెన్స్‌తో కారు అద్దెకు తీసుకోవచ్చా?

జవాబు: ఇక్కడ నివాసం మొదలైన రోజునుంచి పన్నెండు నెలల దాకా నడపవచ్చు. ఆ తర్వాత ఇక్కడి ప్రొవిజనల్ (నేర్చుకునేవారి) లైసెన్స్ తీసుకుని పరీక్షలు పాసవ్వాలి. కౌంటర్ దగ్గర ఎక్కువగా చెడేది డిపాజిట్ విషయంలో. కారు ఎవరి పేరున బుక్ చేశారో వారి పేరునే క్రెడిట్ కార్డు ఉండాలని చాలా సంస్థలు అడుగుతాయి. ఆయన డ్రైవరు, ఆమె కార్డు అంటే కుదరదు. ఎడమవైపు నడపడం మనకు అలవాటే. రౌండబౌట్ దగ్గర కుడివైపునుంచి వచ్చేవారికి తప్పకుండా దారివ్వాలి, మన ఊళ్ళోలా ముక్కు దూర్చకూడదు. తడి ఆకుల మీద బ్రేకు పట్టదు. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది, చలువ కళ్ళద్దాలు సీటు పక్కనే ఉండాలి. డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటితే టోల్ గేటేమీ ఉండదు, మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు లేదు కదా అని మరిచిపోతే జరిమానా నోటీసు వస్తుంది.

ప్రశ్న: పార్కులో కింద రాలిన గోధుమరంగు కాయలు ఏరుకొచ్చాం. కాల్చుకు తినొచ్చా? (బర్మింగ్‌హామ్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తినేముందు దయచేసి పై తొక్క చూడండి. తినదగిన స్వీట్ చెస్ట్‌నట్ తొక్క ముళ్ళపంది పిల్లలా ఉంటుంది, సన్నటి ముళ్ళు ఒత్తుగా ఉండి చేత్తో పట్టుకోనివ్వవు. లోపల రెండు మూడు గింజలుంటాయి, ప్రతి గింజకూ ఒక కొస మొనదేలి, దానికి చిన్న కుచ్చు ఉంటుంది. కాంకర్ అనే హార్స్ చెస్ట్‌నట్ తొక్క మీద పొట్టి ముళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి. గింజ గుండ్రంగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, మొన ఉండదు. ఇది విషం, కాల్చినా తినకూడదు. లండన్ రాయల్ పార్కుల్లో ఏ కాయా ఏరకూడదు. పుట్టగొడుగుల జోలికి ఎక్కడా వెళ్ళకండి.

ప్రశ్న: మేము గొడ్డుమాంసం తినం. ప్రయాణంలో ఏం తినాలి?

జవాబు: ఉత్తరాదిన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, చాలా చిప్స్ దుకాణాల్లో ఇప్పటికీ ఆవు కొవ్వులో వేయిస్తారు. 'ఏ నూనె?' అని అడిగాకే కొనండి. అక్టోబరు నుంచి కనిపించే మిన్స్ పై లోపల ఉండేది ఎండుపళ్ళే, మాంసం కాదు. కానీ అందులో స్యూయెట్ అనే కొవ్వు కలుపుతారు, అది గొడ్డుది కావచ్చు. శాకాహార గుర్తు చూసుకోండి. పల్లెటూరి పబ్బుల్లో చాలాచోట్ల వంటగది రెండున్నరకే కట్టేస్తారు, మళ్ళీ తెరిచేది సాయంత్రమే. అందుకని మధ్యాహ్నానికి పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ మీతోనే ఉంచుకోండి. రైల్లో తినడానికి ఏ అభ్యంతరమూ లేదు. హోటల్ గదిలో మాత్రం రైస్ కుక్కర్ పెట్టకండి, ఆవిరికి పొగ అలారం మోగి అందరూ వీధిలో నిలబడాల్సి వస్తుంది. వండుకోవాలనుంటే వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్ళలో ఇద్దరికి విడి గది దొరుకుతుంది, చాలావాటిలో ఉమ్మడి వంటగది ఉంటుంది.

ప్రశ్న: మా వీసాతో స్కాట్లాండ్, డబ్లిన్ రెండూ వెళ్ళొచ్చా?

జవాబు: స్కాట్లాండ్, వేల్స్ వెళ్ళొచ్చు, వేరే వీసా అక్కర్లేదు. డబ్లిన్ వేరే దేశం, వర్క్ లేదా స్టూడెంట్ వీసా మీద ఉన్న భారతీయులు ఐర్లండ్ వీసా విడిగా తీసుకోవాలి. యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ దారిలో సరిహద్దు గేటు కనిపించదు. గేటు లేకపోయినా వీసా ఉండాల్సిందే.