స్ట్రిప్పుల దగ్గర పొదుపు, లోన్ యాప్‌లో అప్పు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇప్పుడు ఏడో నెల. గర్భంతో వచ్చిన షుగర్‌కి మూడు పూటలా భోజనానికి ముందు, మళ్లీ పడుకునేముందు ఇన్సులిన్ వేసుకుంటున్నాను. రోజుకు 6 సార్లు షుగర్ చూసుకోమన్నారు. స్ట్రిప్పు ఒక్కోటి 22 రూపాయలు. ఖర్చుకు భయపడి రెండుసార్లే చూసుకునేదాన్ని. పోయిన నెల ఓ రాత్రి రెండున్నరకు ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. చూస్తే 52 ఉంది. ఆసుపత్రిలో ఒకటిన్నర రోజు ఉంచారు. బిల్లు 18,500. లోన్ యాప్‌లో 20,000 తీసుకుంటే చేతికి 18,500 వచ్చింది. నెలకు 5,600 చొప్పున 4 వాయిదాలు, ఒకటి కట్టాం. అప్పటి నుంచి భయమేసి కొన్ని రాత్రులు ఇన్సులిన్ మానేస్తున్నాను. మావారి జీతం 34,000. ఖాతాలో 14,000 ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 4,000 ఎస్‌ఐపీ కడుతున్నాం, అందులో 62,000 అయింది. 5 కాసుల బంగారం, ఓ ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. మావారి కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్‌లో కాన్పుకు 50,000 వరకు అని ఉంది. ఆపరేషన్ అయితే 90,000 అవుతుందన్నారు. అదే యాప్ లక్ష ఇస్తానంటోంది. ఎస్‌ఐపీ కదపకుండా అది తీసుకోవచ్చా? (నరసరావుపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ఆ లక్ష తీసుకోవద్దు. ఇన్సులిన్ కూడా మీ అంతట మీరు మానొద్దు. డాక్టరుకు ఫోన్ చేసి ఆ రాత్రి 52 వచ్చిన సంగతి, తర్వాత మీరు డోసులు వదిలేసిన సంగతి రెండూ చెప్పండి. డోసు తగ్గించాలో, ఏ పూటది మార్చాలో వాళ్లు చూస్తారు. డబ్బు సంగతి ఆ తర్వాతే.

మీ ఉత్తరాన్ని ఇక్కడ వేయడానికి కారణం ఉంది. కష్టకాలంలో చాలా ఇళ్లలో మొదటి కోత మందుల మీదే పడుతుంది. ఎస్‌ఐపీ ఆగదు, బండి వాయిదా ఆగదు, స్ట్రిప్పులు మాత్రం ఆగుతాయి. మీ లెక్కే చూడండి. రోజుకు 6 స్ట్రిప్పులంటే 132 రూపాయలు, రెండయితే 44. అంటే రోజుకు 88, నెలకు 2,640 మిగిల్చారు. ఆసుపత్రి బిల్లు 18,500. ఏడు నెలలు కడుపు కట్టుకుని దాస్తే వచ్చేంత డబ్బు ఒక్క రాత్రిలో పోయింది. మీరేమో మిగిల్చడం మొదలుపెట్టి ఏడు నెలలు కూడా కాలేదు.

ఇక ఆ అప్పు. చేతికి వచ్చింది 18,500, కట్టాల్సింది 22,400. అదీ నాలుగు నెలల్లో. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఎనిమిది రూపాయల పైచిలుకు వడ్డీ. వడ్డీ వ్యాపారి మూడు రూపాయలంటేనే దండం పెట్టి వచ్చేస్తాం కదా, ఫోన్‌లో వేలితో నొక్కగానే వచ్చిందని ఎనిమిదికి ఎలా ఒప్పుకుంటాం? అదే చోట లక్ష తీసుకుంటే బిడ్డ పుట్టిన మొదటి నెల నుంచే మీవారి జీతంలో ఎంత మిగులుతుందో ఒకసారి కాగితం మీద వేసుకోండి.

ఎస్‌ఐపీ ఆపేయండి. ఆపడమే కాదు, ఆ 62,000 వెనక్కి తీసుకోండి. ఏడాది నిండని ఫండ్ యూనిట్ల మీద కొద్దిగా కోత పడితే పడనివ్వండి. ముందుగా యాప్ అప్పు తీర్చేయండి. మిగిలిన 3 వాయిదాలు కలిపి 16,800. ముందే కడితే ఎంత తగ్గిస్తారో అడిగి, అప్పు తీరినట్టు కాగితం తెప్పించుకోండి. ఏమీ తగ్గించకపోయినా మీ దగ్గర 45,000 మిగులుతుంది. ఖాతాలోని 14,000 కలిపితే 59,000. అందులో 35,000 విడిగా పెట్టండి. అదే మీ అత్యవసర నిధి. దాన్ని కాన్పు బిల్లుకు కూడా వాడకండి. మిగతా 24,000, ఇన్సూరెన్స్ 50,000 కలిపితే 74,000. ఆపరేషనే అయితే తక్కువపడే 16,000కు బ్యాంకులో ఒకటి రెండు కాసులు పెట్టండి, రూపాయి లోపు వడ్డీకే ఇస్తారు. ఎల్‌ఐసీ పాలసీ జోలికి పోవద్దు. నెలనెలా ఎస్‌ఐపీకి వెళ్తున్న ఆ 4,000 ఉంది చూశారా, రోజుకు 6 స్ట్రిప్పుల చొప్పున నెలకయ్యేది 3,960. ఆ డబ్బు అక్కడికి వెళ్లాలి.

కాన్పుకు పక్కన పెట్టాం కదా, మళ్లీ ఈ 35,000 ఎందుకు అంటారేమో. కాన్పు తేదీ దాదాపు తెలుసు, ఖర్చు దాదాపు తెలుసు. షుగర్ పడిపోవడానికి తేదీ లేదు. అన్నం సరిగా తినకపోయినా, వాంతయినా, మామూలు కంటే ఎక్కువ నడిచినా పడిపోవచ్చు. తల్లికి షుగర్ ఉంటే పుట్టిన బిడ్డకు కూడా మొదటి గంటల్లో షుగర్ తగ్గే అవకాశం ఉంది. అందుకే బిడ్డను కాస్త గమనింపులో పెడతారు, అవసరమైతే ఎన్‌ఐసీయూకి, అంటే పసిబిడ్డల ఐసీయూకి మారుస్తారు. అక్కడ బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది. నిధి లేని ఇంట్లో అలాంటి పూట యాప్ తప్ప ఇంకేదీ గుర్తురాదు.

ఈ నిధిలో 5,000 నోట్ల రూపంలో ఇంట్లోనే ఉంచండి. స్కాన్ రిపోర్టుల ఫైలులోనే ఒక కవరులో ఆ నోట్లు, ఏటీఎం కార్డు, కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు జిరాక్స్, డాక్టరు నంబరు పెట్టండి. మీవారు నైట్ డ్యూటీలో ఉండి, యూపీఐ ఆయన ఫోన్‌లోనే ఉంటే మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే పక్కింటివాళ్లు కౌంటర్ దగ్గర ఏం చేస్తారు? మిగతాది మీ ఇద్దరి పేరునున్న ఖాతాలో ఉండాలి.

మంచం పక్కన మీటరు, గ్లూకోజు పొడి డబ్బా పెట్టుకోండి. ఇది మీ డాక్టరు చెప్పే ఉంటారు, అయినా ఇంట్లో అందరికీ తెలియాలని రాస్తున్నాను. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా తక్కువుంటే ఇంకోసారి తాగాలి. పెరిగాక ఏదైనా తినాలి. చాక్లెట్, లడ్డూ పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఈ 15 నిమిషాల పనికి రెండు స్ట్రిప్పులు ఖర్చవుతాయి. స్ట్రిప్పులు అయిపోవచ్చాయని చూడకుండా ఊరుకునే ఇల్లు కాకూడదు మీది.

చవకగా కొనే చోటే ఇంకో ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వయల్ (చిన్న సీసా) మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అనో, 100 యూనిట్లు అనో రాసి ఉంటుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూతది. షాపులో స్టాకు లేదని 100 వయల్ ఇచ్చి, మీరు ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితోనే లాగితే అదే గీతకు రెండున్నర రెట్ల డోసు ఎక్కుతుంది. షుగర్ ఎంతకు పడుతుందో ఊహించండి. కొన్న ప్రతిసారీ వయల్, సిరంజి పక్కపక్కన పెట్టి చూసుకోండి. తెరిచిన వయల్‌ని నాలుగు వారాలు దాటాక, ఇంకా సగం ఉంది కదా అని వాడొద్దు. ఖర్చు తగ్గించాలంటే దారి వేరే ఉంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు మందులు, పరీక్షలు, కాన్పు, ఆపరేషన్ ఉచితం. మీ ఏరియా ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకుని ఇన్సులిన్ అక్కడ ఇస్తారేమో అడగండి. కాన్పు ఎక్కడన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

మీరు అడగనిది ఒకటి. పోయిన నెల ఆసుపత్రిలో ఒకటిన్నర రోజు ఉన్నారు, అంటే 24 గంటలు దాటింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉండి ఆ 18,500 జేబులోంచి ఎందుకు కట్టారు? ఆ కార్డు కాన్పు రోజుకే అనుకున్నట్టున్నారు. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, రసీదులు తీసుకుని మీవారిని ఈ వారమే హెచ్‌ఆర్ దగ్గరకు పంపండి. క్లెయిముకు గడువు ఉంటుంది. ఆ ఖర్చు మామూలు వైద్యం కింద వస్తుందా, కాన్పు 50,000లోంచి తగ్గుతుందా అన్నది రాతపూర్వకంగా అడగాలి. తగ్గేదయితే పైన వేసిన 74,000 లెక్క మళ్లీ వేసుకోవాలి. బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉందా, పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి అన్నవి కూడా అదే మెయిల్‌లో అడగమనండి.

ఇప్పుడు కొత్తగా ప్రసూతి పాలసీ కొంటే ఈ కాన్పుకు పనికిరాదు, నిరీక్షణ కాలం నెలల నుంచి ఏళ్ల వరకు ఉంటుంది. కాన్పయిన 6 నుంచి 12 వారాల మధ్య షుగర్ పరీక్ష మళ్లీ చేయిస్తారు, దాన్ని తప్పించుకోవద్దు. ఆ రిపోర్టు వచ్చాక ముగ్గురికీ కలిపి సొంత ఆరోగ్య పాలసీ తీసుకోండి. గర్భంలో షుగర్ వచ్చిందని దరఖాస్తులో రాయండి, ఏజెంటు వద్దన్నా సరే. వాడిన 35,000 మళ్లీ నిండేదాకా ఎస్‌ఐపీ మొదలుపెట్టకండి.