గీజర్ నడుస్తున్నా క్లాంప్ మీటర్ సున్నా ఎందుకు చూపిస్తుంది?

తీగ చుట్టూ దవడల్లాంటి కొక్కెం మూసి కరెంటు కొలిచే ఈ మీటర్ పాడవలేదు. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఉన్న కేబుల్‌ను మొత్తంగా పట్టారు, అదే తేడా.

కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం వలయాలుగా ఏర్పడుతుంది. క్లాంప్ పసిగట్టేది ఆ క్షేత్రాన్నే. దాని బలం టెస్లాల్లో కావాలంటే ఆంపియర్లను మీటర్లలోని దూరంతో భాగించి 2×10⁻⁷తో గుణించాలి. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఒంటరి తీగకు 1 సెం.మీ. దూరంలో అది దాదాపు 174 మైక్రోటెస్లా, మన ప్రాంతంలో భూమి క్షేత్రానికి నాలుగు రెట్లు. (అయినా దిక్సూచి ముల్లు కదలదు. ఏసీ దిశ సెకనుకు 100 సార్లు మారుతుంటే ముల్లు అందుకోలేదు.)

ఫేజ్‌లో వెళ్లిన కరెంటే న్యూట్రల్‌లో వెనక్కి వస్తుంది. రెండు క్షేత్రాలూ ఎదురెదురు కాబట్టి క్లాంప్‌లో చెల్లుకు చెల్లు. అందుకే ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్) దగ్గర ఇన్సులేషన్ ఉన్న ఫేజ్ తీగ ఒక్కదాన్నే పట్టండి. దవడలు పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో దుమ్ము చేరి సందు ఉంటే రీడింగ్ తగ్గిపోతుంది. మరీ తక్కువ కరెంటైతే, పొడవు చాలినంత తీగ ఉంటే, మెయిన్ ఆపి 10 చుట్లు దవడల్లోంచి తిప్పి, వచ్చిన అంకెను 10తో భాగించండి.

ఈ సున్నా పనికొచ్చేదే. ఎర్త్‌ను వదిలి ఫేజ్, న్యూట్రల్ కలిపి పట్టినప్పుడు ఏదైనా అంకె మిగిలితే అది లీకేజీ, అంటే దారి తప్పి బయటికి పోతున్న కరెంటు. ఇళ్లలోని ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపే స్విచ్) ఇదే తేడాను చూసి, సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లలోపే ట్రిప్ అవుతుంది. అంత చిన్న కరెంటును మామూలు క్లాంప్ పట్టలేదు, లీకేజీ క్లాంప్ కావాలి.