గర్భస్థ శిశువు ముఖం దగ్గర గడ్డ కనిపించినప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

టెక్కలిలో స్కానింగ్ సెంటర్ పెట్టిన నీవు, బిడ్డ ముఖం దగ్గర గడ్డ కనిపిస్తే ఏం చూడాలో రాయమన్నావు. ఇవి అరుదు, అరుదు కనుకనే కంటికి అలవాటు కావు.

18 నుంచి 22 వారాల మధ్య, బిడ్డ అవయవాల్లో లోపాలు వెతకడానికి చేసే టిఫా స్కాన్‌లో ముఖాన్ని ఒక్క కోణంలో చూసి వదిలేయకు. పక్కనుంచి నుదురు, ముక్కు, గడ్డం. ఎదురుగా పెదవులు, ముక్కురంధ్రాలు. అడ్డంగా రెండు కనుగుంటలు, అంగిలి చూడు. ముఖానికి ఆనుకున్న బొడ్డుతాడు చుట్ట కూడా గడ్డలాగే కనిపిస్తుంది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెడితే సంగతి తేలుతుంది. అనుమానం తీరకపోతే తల్లిని కాసేపు నడిచి రమ్మని మళ్లీ చూడు.

గడ్డ నిజమైనదేనని తేలాక, దానికి పేరు పెట్టడానికి తొందరపడకుండా, అది ఎక్కడ పుట్టి ఎటు పెరిగిందో వెతుకు. ముక్కు మొదట్లో ఉన్న గడ్డ వెనుక ఎముకలో సందు ఉంటే మెదడు పొరలు బయటికి వచ్చాయేమోనని అనుమానించాలి. ఏడో నెల దాటాక కంటి లోపలి మూల కింద కనిపించే చిన్న నీటితిత్తి చాలావరకు కన్నీటి నాళానిది, అది తరచు తనంతట తానే తగ్గిపోతుంది. రక్తనాళాల గడ్డల్లో ప్రవాహం మెల్లగా ఉంటే, డాప్లర్ స్కేలు, అంటే అది చూపే వేగాల హద్దు, తగ్గించనిదే అది పట్టుబడదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అంగిలి నుంచి పుట్టి నోట్లోంచి పొడుచుకువచ్చే టెరటోమా, అంటే రకరకాల కణజాలాలు కలగలిసిన గడ్డ. అందులో గట్టి భాగాలు, నీటి అరలు, సున్నపు మచ్చలు కలిసి ఉంటాయి. బిడ్డ మింగలేకపోతే ఉమ్మనీరు పెరుగుతుంది, పొట్టసంచి చిన్నదిగా ఉంటుంది లేదా కనిపించదు. కాబట్టి ఆ రెండూ తప్పక కొలిచి, శ్వాసమార్గం తెరుచుకుని ఉందో లేదో రిపోర్టులో స్పష్టంగా రాయి. ఇటువంటి బిడ్డకు సిజేరియన్‌లో బొడ్డుతాడు కోయకముందే, మాయ నుంచి రక్తం అందుతుండగానే, గొంతులో గొట్టం వేసే ఎగ్జిట్ పద్ధతి అవసరం కావచ్చు. దానికి మత్తు వైద్యులు, పిల్లల సర్జన్లు, చెవి ముక్కు గొంతు వైద్యులు ముందే సిద్ధంగా ఉండాలి. టెక్కలి నుంచి విశాఖకు దాదాపు 150 కిలోమీటర్లు, నొప్పులు మొదలయ్యాక బయలుదేరితే ఈ ఏర్పాటేదీ అందదు. ఊపిరి దారి, మెదడుతో సంబంధం అల్ట్రాసౌండులో తేలకపోతే గాడోలినియం (బొమ్మ స్పష్టత కోసం రక్తంలోకి ఎక్కించే మందు) లేకుండా ఎమ్మారై చేయించుకోమని పంపు.

పంటి చిగుళ్ల మీద పుట్టే గడ్డలు కొన్ని చివరి మూడు నెలల్లోనే బయటపడతాయి కనుక, ఎదుగుదల స్కాన్‌లో కూడా ముఖం చూడు.

గ్రహణంనాడు కోడలు కత్తి పట్టిందని అత్తవారు నింద వేస్తే, ఆమె ఎదుటే అది తప్పని చెప్పు. 24 వారాలు దాటిన తీవ్ర లోపాల విషయంలో గర్భస్రావంపై నిర్ణయం, గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, మెడికల్ బోర్డుది. నీవు ఆశ కల్పించకు, భయపెట్టకు. రిపోర్టు చేతికిచ్చి పంపేముందు ప్రసూతి వైద్యురాలికి నీవే ఫోన్ చేసి, కాన్పు ఎక్కడ జరగాలో ఆ రోజే మాట్లాడు.

ఇట్లు,
మీ పెదనాన్న
శ్రీకాకుళం