అన్నం మానేయకు, కొలత మార్చు

తమ్ముడూ, బరువు తగ్గాలని రెండు వారాలుగా అన్నం పూర్తిగా మానేశావని, రోజూ తెల్లవారుజామున ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతుంటే మూడో కిలోమీటరుకే కాళ్లు బరువెక్కుతున్నాయని రాశావు. చదివి బాధ కలిగింది. పరుగుకు కావలసిన గ్లైకోజెన్‌ను, అంటే ఒంట్లో దాచుకునే ఇంధనాన్ని, కండరాలు పిండిపదార్థాల నుంచే నింపుకుంటాయి. అది అందనప్పుడు కాళ్లు మాత్రం ఏం చేస్తాయి?

మన పాలమూరులో జొన్నరొట్టె ఉండగా దిగులెందుకు? 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. 100 గ్రాముల వండిన అన్నంలోనూ ఇంచుమించు అంతే. ఒక్కసారి ఆ 100 గ్రాముల అన్నం తూకం వేసి, అది నీ గిన్నెలో ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టుకో. అదే ఒక కొలత. ఆ తర్వాత తక్కెడతో పని లేదు.

రాత్రి రెండు రొట్టెలు, చిక్కటి పప్పు, కూర తిను. పరుగుకు అరగంట ముందు అరటిపండు, వచ్చాక ఉప్మాతో పాటు ఒకటి రెండు గుడ్లు. మధ్యాహ్నం రెండు కొలతల అన్నం సరిపోతుంది. పరుగు లేని రోజు ఒక రొట్టె తగ్గించు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు సూచిస్తుంది. మన ఇళ్లలో లెక్క తలకిందులు: అన్నం కుప్పగా, కూర అంచుకు గరిటెడు. నువ్వు సరిచేయాల్సింది అదే.

ఇలా తిన్నా కళ్లు తిరుగుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకో. రెండు వారాల తర్వాత పరుగు ఎలా ఉందో తప్పకుండా రాయి.