ఆర్‌డీహెచ్‌12 చర్య కనిపించకపోవడానికి కారణాలు

మీ రీకాంబినెంట్ (వేరే జీవకణాల్లో తయారుచేయించిన) ఆర్‌డీహెచ్‌12, అంటే రెటినాల్ డీహైడ్రోజినేజ్ 12 అనే ఎంజైము, ప్రోటీన్లను పరిమాణం బట్టి వేరుచేసే జెల్‌పై సరైన చోటే కనిపిస్తున్నా, ఎన్‌ఏడీహెచ్ అనే సహ-ఎంజైము (ఎంజైముకు తోడ్పడే చిన్న అణువు) కలిపి, అది కాంతిని గ్రహించే 340 నానోమీటర్ల వద్ద కొలిస్తే చర్యే లేదని రాశారు. ముందు సహ-ఎంజైమును మార్చండి. రెటినాల్డిహైడ్‌ను రెటినాల్‌గా క్షయకరించడానికి ఈ ఎంజైము ప్రధానంగా దానికి దగ్గరి రూపమైన ఎన్‌ఏడీపీహెచ్‌నే వాడుకుంటుంది. అయితే రెటినాల్డిహైడ్ సుమారు 380 వద్ద, రెటినాల్ సుమారు 325 వద్ద కాంతిని బాగా గ్రహిస్తాయి కాబట్టి, 340 వద్ద వచ్చే అంకెను నమ్మడం కంటే ఈ పదార్థాలు కాంతికి చెడకుండా మసక ఎర్రని వెలుతురులో చర్య జరిపి, ఏర్పడిన రెటినాల్‌ను హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) నేరుగా కొలవడం మేలు.

నా అసలు అనుమానం మాత్రం ప్రోటీన్ మీదే. ఇది కణంలోని పొరను అంటిపెట్టుకుని ఉండే ఎంజైము, ఇ. కోలై బ్యాక్టీరియాలో తయారై, ప్రోటీన్ మడతలను విప్పేసే యూరియా బఫరులో వచ్చిన సరుకైతే, అది యాంటీబాడీ పరీక్షలకు పనికొస్తుందేమో గానీ చర్యకు పనికిరావడం కష్టం. డేటా షీటులో బఫరు వివరం చూడండి; యూరియా ఉంటే, ఈ ఎంజైమును కీటక కణాల్లో తయారుచేసి, వాటి నుంచి తీసిన మైక్రోసోములతో (కణంలోని పొరల ముక్కలతో) ప్రయత్నించండి.