కాశీకి పోతున్నానని చెప్పి ఇటలీ వెళ్ళిపోనా?

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు సాంస్కృతిక పునరుజ్జీవనం పాఠం చెబుతున్నాను. అది మొదలైన ఇటలీలోని ఆ ఫ్లారెన్స్ ఊరు ఒక్కసారి కళ్ళారా చూడాలని కోరిక. మొన్న నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళి స్వర్ణాల చెరువులో దానికోసమే రొట్టె పట్టుకున్నాను. బెంగళూరులో ఉండే మా అబ్బాయి ‘ఒక్కదానివేనా? ఏమన్నా అయితే?’ అంటాడు. ఆడపడుచేమో ‘వైన్ తాగే దేశానికి ఒంటరిగా పోతే నలుగురూ ఏమనుకుంటారు?’ అంటుంది. నాతో ఉండే అత్తయ్యకు 78 ఏళ్ళు. ఆమె మాత్రం ‘ఆడ అన్నం దొరుకుద్దా?’ అని ఊరుకుంది. ఆయన ఉండగా తిరుపతి కూడా ఒక్కదాన్నే వెళ్ళి ఎరగను. సోమవారం, శనివారం నీచు ముట్టను. కాశీకి బ్యాచ్‌తో పోతానంటే ఎవరూ కాదనరు. అలా చెప్పి వెళ్ళిపోనా?

జవాబు: వద్దమ్మా. తప్పొప్పుల సంగతి అటుంచినా ఆ అబద్ధం నిలవదు. ప్రభుత్వ టీచర్ దేశం దాటాలంటే శాఖ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం కదిలిన రోజే స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుస్తుంది. పైగా రోమ్‌లో మీ బ్యాగు పోయిందనుకోండి, మీకు గుర్తొచ్చేది అబ్బాయి నంబరే. కాశీలో ఉన్నానన్న అమ్మ ఆ రాత్రి వాడికి ఏం చెబుతుంది?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఇంట్లో ‘వెళ్ళనా?’ అని అడుగుతున్నారు. అలా అడిగినప్పుడల్లా ఎదుటివాళ్ళు వాళ్ళ భయమే తీసి మీ చేతిలో పెడుతున్నారు. ‘దసరా సెలవుల్లో వెళ్తున్నాను, తొమ్మిది రోజులు, హోటళ్ళ అడ్రసులు ఇవి’ అని చెప్పి చూడండి. అబ్బాయిది నిజమైన భయం, దాన్ని కొట్టిపారేయొద్దు. వాడికో పని అప్పగించండి. ఇటలీ వెళ్ళడానికి తీసుకునే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, మంచిది చూసి తీయమనండి. వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆ తేదీలు కూడా వాడినే చూడమనండి. పాస్‌పోర్టు కాపీ వాడి దగ్గర ఒకటి ఉంచండి. ఇటలీలో ఆపద వస్తే 112 నొక్కాలని మీ ఫోన్లో వాడి చేతే రాయించండి.

ఆడపడుచు మాటకు ఇంత ఆలోచన అక్కర్లేదు. అక్కడ భోజనంతో పాటు గ్లాసుడు వైన్ మామూలే, నీళ్ళడిగితే నీళ్ళిస్తారు. ఫ్లారెన్స్‌కూ సియెనాకూ మధ్య కియాంతి కొండల నిండా ద్రాక్షతోటలు. సెప్టెంబరు నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా కోతలు, దాదాపు మన దసరా సెలవులప్పుడే. ఆ తోటల్లో తిరగడానికి గ్లాసు పట్టుకోనక్కర్లేదు. పట్టుకోవాలనిపించిందా, అది మీ ఇష్టం.

నన్ను ఆపింది మీ తిరుపతి మాట. అసలు భయం మీలోనూ ఉంది. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో విమానమంటే భయపడేవాళ్ళు తక్కువ, హోటల్లో ఒక్కరే కూర్చుని తినడానికి భయపడేవాళ్ళు ఎక్కువ. అందరూ తిన్నాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలిన పులుసులోనే అన్నం కలుపుకుని తినేసిన చేతులు మనవి. నలుగురి మధ్య కుర్చీ లాక్కుని, మెనూ కార్డు చూసి ‘నాకిది కావాలి’ అనడం చిన్న పనేం కాదు. అందుకని ఈ నెల్లోనే పినాకిని రైలెక్కి మద్రాసు వెళ్ళండి. రూమ్ మీరే బుక్ చేసుకుని రెండు రాత్రులుండండి. మంచి హోటల్లో కూర్చుని, ఫోన్ బ్యాగులో పెట్టేసి, నిదానంగా భోంచేయండి. మొదటి పూట ముద్ద దిగదు. నాలుగో పూటకి పక్క టేబుల్ వాళ్ళు మిమ్మల్ని చూడటం లేదని మీకే తెలుస్తుంది.

ఫ్లారెన్స్‌లో పెద్ద చర్చి మీద బ్రూనెలెస్కీ కట్టిన గుమ్మటం పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ళు సహకరించకపోతే కిందనే నిలబడి చూడండి. కింది నుంచి సెంట్రింగ్ కొట్టకుండా లేపి 1436లో పూర్తిచేసిన కట్టడం అది, మీకు నేను చెప్పాలా! ఉఫీజీ మ్యూజియానికీ, డేవిడ్ విగ్రహమున్న అకాడెమియాకూ సోమవారం సెలవు. మీ నీచు లేని రోజుల్లో జున్ను, అంటే చీజ్, విషయం కాస్త చూసుకోండి. పార్మిజానో జున్ను తోడుకోవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. మరినారా పిజ్జాలో జున్నే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, నూనె, అంతే.

ఇక అత్తయ్య. ఇంట్లో నిజంగా తేల్చాల్సింది ఆమె సంగతే, మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క మాట లేదు. ఆ తొమ్మిది రోజులు బీపీ మాత్ర ఎవరిస్తారు, రాత్రి లేస్తే ఎవరు పట్టుకుంటారు? ఆడపడుచు కన్నకూతురే కదా, వచ్చి ఉండమని నేరుగా అడగండి. కుదరదంటే అబ్బాయిని ఇంటి నుంచి పనిచేసుకుంటూ ఉండమనండి. ఇది ఖాయమయ్యాకే టికెట్ కొనండి.

అందరికంటే ముందు అత్తయ్యకే చెప్పండి. కొడుకు పోయిన మనిషి, వద్దనలేదు, నలుగురి మాట ఎత్తలేదు. మీ తిండి గురించి అడిగింది ఆమె ఒక్కతే. ఆ మాటకు మీరింకా జవాబివ్వలేదనుకుంటాను. రాత్రి అన్నం పెట్టేటప్పుడు పక్కన కూర్చుని చెప్పండి. అక్కడ ఉత్తరాన పో అని ఒక నది ఉంది, దాని మైదానంలో మన పెన్నా కింద లాగే వరి పండిస్తారు, ఆ బియ్యంతో రిసోట్టో వండుతారు, మన అన్నంలా పొడిపొడిగా ఉండదు, జారుగా ఉంటుంది, అన్నం దొరుకుతుంది అత్తయ్యా, అని.