యంత్రం కంటే ముందు, ఆపేసిన మాత్రల గురించి

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. మూడేళ్ల క్రితం అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలింది. బాగానే ఉందని మెసలమిన్ మాత్రలు రెండు నెలల క్రితం ఆపేశాను. మళ్లీ విరేచనంలో రక్తం పడుతుంటే ఇంట్లో మిగిలిన ప్రెడ్నిసోలోన్ నాలుగైదు రోజులు వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతున్నాను. సూది లేకుండా ఆక్యుపంక్చర్ బిందువుల మీద కరెంటు పెడితే ఈ జబ్బు తగ్గుతుందని చదివి ఒక యంత్రం కొన్నాను. ఎక్కడ, ఎన్ని నిమిషాలు పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

సలహా: మీరు అడిగిన యంత్రం కంటే, మాటవరసకు రాసిన మూడు మందుల సంగతే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. రక్తం పడటం ఆగినా పేగు లోపలి పొరలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మిగిలి ఉండవచ్చు, అది తిరిగి రేగకుండా కాపాడేదే మెసలమిన్. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొందరిలో ఈ జబ్బును రేపుతాయి. పైగా ఆ కీళ్ల నొప్పి కూడా పేగు జబ్బులో భాగమే కావచ్చు కనుక దాన్ని విడిగా చూడకూడదు.

ఇక ప్రెడ్నిసోలోన్, అది స్టెరాయిడ్ మందు. నా ఓపీకి వచ్చేవారిలో కొందరు సంచిలోంచి సగం వాడిన స్ట్రిప్పులు తీసి బల్ల మీద పేరుస్తారు, వాటిలో ఎప్పుడో మిగిలిన స్టెరాయిడ్ తరచుగా కనిపిస్తుంది. నాలుగు రోజులు వేసుకుంటే రక్తం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ జబ్బు లోపల అలాగే ఉంటుంది, పరీక్షల్లో దాని అసలు తీవ్రత కూడా సరిగా తెలియదు. రక్తం పడటానికి అమీబా వంటి ఇన్‌ఫెక్షనే కారణమైతే స్టెరాయిడ్ వల్ల ప్రమాదం పెరుగుతుంది, శరీరంలో టీబీ దాగి ఉంటే అది బయటపడవచ్చు. దయచేసి ఇకపై సొంతంగా వేసుకోకండి. అయితే ఇప్పటికే కొన్ని వారాలుగా వరుసగా వాడుతున్నట్టయితే ఒక్కసారిగా కూడా ఆపవద్దు, మోతాదు ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఈ వారంలోనే మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే రక్తపరీక్ష), ఇన్‌ఫెక్షన్ కోసం మల పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే ప్రోటీన్) పరీక్ష అవసరం కావచ్చు. రోజుకు ఆరుసార్లు లేదా అంతకు మించి రక్తవిరేచనాలు అవుతూ, జ్వరం గానీ, నిమిషానికి 90 దాటిన నాడి గానీ తోడైతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు చదివినది కట్టుకథ కాదు. మెదడు నుంచి పేగుల దాకా వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందన్న ఆధారంతో ఈ పరిశోధనలు సాగుతున్నాయి. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, కాలి ముందరి ఎముకకు బయటివైపున ఉండే బిందువు వీటిలో ముఖ్యమైనది. హార్వర్డ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడ తక్కువ కరెంటు ఇచ్చినప్పుడు ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది, పొట్ట మీద ఇస్తే ఆ ఫలితం రాలేదు. కానీ అది ఎలుకల మీద, సూదులతో చేసిన ప్రయోగం. 2023లో అమెరికాలో చెవి మీద ఆ వేగస్ నాడికి ప్రేరణ ఇచ్చి చేసిన పరీక్షలో ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నా, పాల్గొన్నది 22 మంది పిల్లలు, యువతీయువకులు మాత్రమే. అందువల్ల మీరు కొన్న యంత్రానికి నిమిషాల లెక్క నేను చెప్పలేను. మందులు సక్రమంగా వాడుతూ, మీ డాక్టరు అంగీకరిస్తే, దాన్ని అదనంగా ప్రయత్నించవచ్చునేమో. పేస్‌మేకర్, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు మాత్రం సొంతంగా వాడకూడదు. గర్భం ధరించే ఆలోచన మీకుంటే ఆ విషయం కూడా ఈ వారమే డాక్టరుకు చెప్పండి, జబ్బు అదుపులోకి వచ్చాకే అది మంచిది.